కట్టుడు పళ్లు: నమిలే బరువు ఎవరు మోస్తారు?

క్లుప్తంగా: పోయిన పళ్ల స్థానంలో పెట్టించుకునేవాటికి పేర్లు ఎన్ని ఉన్నా, నమిలేటప్పుడు పడే బరువు దేని మీద దిగుతుందో చూస్తే అవి మూడే రకాలు. కొన్ని చిగుళ్ల మీద ఆనుతాయి, కొన్ని మిగిలిన పళ్ల మీద, కొన్ని దవడ ఎముకలో నాటిన టైటానియం స్క్రూల (ఇంప్లాంట్ల) మీద. సౌకర్యం, మన్నిక, తరువాతి ఇబ్బందులు చాలావరకు ఈ తేడా నుంచే పుడతాయి. పై దవడ పూర్తి సెట్టు చాలామందికి కుదురుతుంది. కింది దవడ సెట్టు దగ్గరే చిక్కంతా. ఉన్న పళ్లు పీకించుకోక ముందే ఈ లెక్క చూసుకుంటే తరువాత చేతిలో దారులు మిగులుతాయి.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఏ పెద్ద రోడ్డు మీద వెళ్లినా దంతవైద్యశాలల బోర్డులు వరసగా కనిపిస్తాయి. ‘ఫిక్స్‌డ్ పళ్లు’, ‘మూడు రోజుల్లో పళ్లు’, ‘ఫ్లెక్సిబుల్ సెట్టు’, ‘నాలుగు ఇంప్లాంట్లతో మొత్తం దవడ’ అన్న మాటలు వాటి మీద పక్కపక్కనే ఉంటాయి. ఇంట్లో పెద్దవారికి పళ్లు కట్టించాలనుకున్న కుటుంబం మూడు చోట్ల అడిగితే మూడు సలహాలు, ఒకదానితో ఒకటి పొంతన లేని మూడు అంచనాలు రావడం మామూలే. ఆ ముగ్గురు వైద్యులూ సరైన మాటే చెప్పి ఉండవచ్చు. ఒకే నోటికి ఒకటికి మించిన పరిష్కారాలు ఉంటాయి కాబట్టి, ఏ పరిష్కారం దేన్ని ఆసరాగా తీసుకుంటుందో తెలియనంత వరకు ఆ అంచనాలను పోల్చడం సాధ్యం కాదు.

సమస్య కొద్దిమందిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నోటి ఆరోగ్య నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 20 ఏళ్లు దాటినవారిలో దాదాపు 7 శాతం మందికి, 60 ఏళ్లు దాటినవారిలో 23 శాతం మందికి నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. కొన్ని పళ్లు మాత్రమే పోయినవారు ఈ లెక్కలోకి రానేరారు.

పన్ను పోయాక దవడలో జరిగేది

పన్ను ఎముకలోకి నేరుగా దిగగొట్టిన మేకు లాంటిది కాదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నని నారపొర ఒకటి ఉంటుంది. జొన్నరొట్టె ముక్క నమిలినా, పప్పులో రాయి తగిలినా ఆ తాకిడిని ఈ పొరే తీసుకుని, ఎముకను నొక్కే బలాన్ని లాగే బలంగా మార్చి పంచుతుంది. ఎముకకు ఆ లాగుడు అవసరం. పన్ను ఊడిన రోజు నుంచి దాని చుట్టూ ఉన్న ఎముకకు పని ఉండదు, పని లేని ఎముక కరగడం మొదలుపెడుతుంది. తొలి ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఈ కరుగుదల వేగంగా ఉంటుంది. తరువాత నెమ్మదిస్తుంది గానీ జీవితాంతం ఆగదు.

పూర్తి సెట్టు పెట్టుకున్నవారిని దాదాపు 25 ఏళ్ల పాటు గమనించి 1972లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, పై దవడ కంటే కింది దవడ ఎత్తు సుమారు నాలుగు రెట్లు ఎక్కువ తగ్గుతుందని చూపింది. పై దవడ లోపలికి, కింది దవడ కిందికి, బయటికి తగ్గిపోతాయి. బోసినోటి ముఖంలో పెదాలు లోపలికి పోయి, గడ్డం ముందుకు వచ్చి ముక్కుకు దగ్గరైనట్లు కనిపించడానికి కారణం ఇదే. ఆ రూపాన్ని తెచ్చేది వయసు కంటే ఎక్కువగా ఎముక కరుగుదలే.

ఒకటి రెండు పళ్లు మాత్రమే పోయినచోట మరో మార్పు జరుగుతుంది. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లు నెమ్మదిగా ఆ ఖాళీలోకి వాలతాయి. ఎదురు దవడలోని పన్ను తనకు తగిలే జోడు లేక కిందికో పైకో జారుతుంది. ఐదారేళ్లు ఊరుకున్న తరువాత వెళితే, పెట్టాల్సిన పంటికి స్థలం చాలక ముందు పక్క పళ్లను సరిచేయాల్సి రావచ్చు.

పూర్తి సెట్టు: ఉమ్మి పట్టి ఉంచే పళ్లు

పళ్లన్నీ పోయినవారికి తరతరాలుగా తెలిసిన పరిష్కారం తీసి పెట్టుకునే సెట్టు. గులాబీ రంగు అక్రిలిక్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) పీఠం మీద అక్రిలిక్ పళ్లు అమర్చి చేస్తారు. 1930ల చివర్లో దంతవైద్యంలోకి వచ్చిన ఈ పదార్థం, అంతకు ముందు వాడుకలో ఉన్న గట్టిపరచిన రబ్బరును పదేళ్లలోనే దాదాపు పూర్తిగా పక్కకు నెట్టింది. చిగురు రంగు రావడం, విరిగితే అతికించే వీలు, తక్కువ ధర వల్ల అది ఇప్పటికీ నిలిచి ఉంది.

ఈ సెట్టుకు మేకులూ కొక్కేలూ ఉండవు. రెండు తడి గాజు పలకల మధ్య పలుచని నీటి పొర ఉంటే వాటిని విడదీయడం ఎంత కష్టమో, చిగురుకీ పీఠానికీ మధ్య ఉండే లాలాజలపు పొర సెట్టును అలాగే పట్టి ఉంచుతుంది. పీఠం అంచు బుగ్గ, పెదవి కండరాలకు సరిగ్గా అమరి గాలి లోపలికి పోకుండా మూస్తే ఈ పట్టు బలపడుతుంది. పై సెట్టు అంగిలి అంతటినీ కప్పి, మెత్తని అంగిలి మొదలయ్యే గీత దాకా వెళుతుంది. ఎక్కువ స్థలం, చుట్టూ మూసుకునే అంచు, కదలని పునాది మూడూ దొరకడం వల్ల పై సెట్టు సాధారణంగా నిలబడుతుంది.

కింది దవడకు ఈ మూడూ లేవు. మధ్యలో నాలుక ఉంటుంది కాబట్టి పీఠం గుర్రపునాడా ఆకారంలో సన్నగా ఉండక తప్పదు. మాట్లాడిన ప్రతిసారీ, మింగిన ప్రతిసారీ నాలుక దాన్ని లోపలి నుంచి తోస్తుంది. దంతవైద్య గ్రంథాలు చెప్పే సగటు కొలతల్లోనే తేడా తెలిసిపోతుంది: పై సెట్టుకు ఆనడానికి దాదాపు 23 చదరపు సెంటీమీటర్ల చిగురు దొరికితే, కింది సెట్టుకు దొరికేది 12 మాత్రమే. సహజ పళ్లు అన్నీ ఉన్నప్పుడు ఒక్కో దవడలో వేళ్ల చుట్టూ ఉన్న నారపొర వైశాల్యం సుమారు 45 చదరపు సెంటీమీటర్లు. అంత విస్తీర్ణం మోసిన బరువును అందులో నాలుగో వంతు చిగురు మీద, అదీ బరువు మోయడం కోసం పుట్టని మెత్తని పొర మీద పెడుతున్నామన్నమాట. పూర్తి సెట్టుతో కొరికే బలం సహజ పళ్లతో పోలిస్తే నాలుగో వంతుకో ఐదో వంతుకో తగ్గిపోవడానికి మూలం ఇక్కడ ఉంది.

‘పై సెట్టు బాగుంది, కింది సెట్టు మాత్రం డబ్బాలోనే ఉంటోంది’ అని ఇళ్లలో తరచు వినిపించే మాటకు కూడా ఇదే వివరణ. ప్రతిసారీ తప్పు సెట్టు తయారుచేసినవారిదే కాదు. దవడ నిర్మాణంలోనే ఆ పరిమితి ఉంది. కింది దవడ బాగా కరిగినవారిలో ఎముక లోపలి నరం పైభాగానికి దగ్గరై, సెట్టు నొక్కినప్పుడల్లా గుచ్చినట్లు నొప్పి కూడా వస్తుంది. అలాంటి చోట సెట్టు ఎన్నిసార్లు మార్చి చేయించినా ఫలితం ఉండదు.

అయినా చేసే విధానంలో ఉన్న శ్రద్ధ చాలా తేడా తెస్తుంది. పద్ధతిగా చేసే పూర్తి సెట్టుకు సుమారు ఐదుసార్లు వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మొదట ప్రాథమిక కొలత తీస్తారు. దాని మీద ఆ నోటికే ప్రత్యేకంగా ఒక ట్రే చేసి, పెదాలు, నాలుక కదిలిస్తూ అంచుల దాకా రెండో కొలత తీస్తారు. మూడోసారి మైనపు దిమ్మెలు పెట్టి రెండు దవడల మధ్య ఎత్తు, కలిసే తీరు నిర్ణయిస్తారు. నాలుగోసారి మైనంలో అమర్చిన పళ్లను నోట్లో పెట్టి చూపిస్తారు. ఐదోసారి తయారైన సెట్టు ఇస్తారు. ఇందులో రెండో కొలతనూ మైనపు పరీక్షనూ వదిలేసి రెండు రాకపోకల్లో ముగించే చోట సెట్టు చవకగా రావచ్చు గానీ, అంచు మూసుకోకపోతే పట్టు ఉండదు. పళ్ల రంగు, వరస, నవ్వు నచ్చకపోతే చెప్పవలసిన సమయం మైనపు పరీక్షే. అక్రిలిక్‌లో గట్టిపడ్డాక మార్చడం దాదాపుగా కొత్తది చేయడమే.

ఇటీవల నగరంలోని కొన్ని చోట్ల కంప్యూటర్‌లో రూపొందించి, అక్రిలిక్ దిమ్మె నుంచి చెక్కి తీసే సెట్లు, త్రీడీ ముద్రణతో చేసే సెట్లు కూడా వచ్చాయి. చెక్కినవాటిలో పదార్థం చిక్కగా ఉంటుంది, విరిగినా పోయినా అదే కొలతతో మళ్లీ తీయవచ్చు. అయితే కంప్యూటర్‌కు ఎక్కించే కొలతే సరిగా లేకపోతే యంత్రం దాన్ని సరిచేయదు.

కొన్ని పళ్లే పోయినప్పుడు తీసి పెట్టుకునేవి

పాక్షిక సెట్లలో అన్నిటికంటే చవకైనది అక్రిలిక్ పలక మీద పళ్లు అమర్చి, వంచిన తీగలతో పక్క పళ్లకు తగిలించేది. బరువంతా చిగురు మీదే పడుతుంది. పళ్ల మెడల దగ్గర పలక ఒరుసుకుంటూ, తిన్నది అక్కడ చేరుతూ ఉంటే మిగిలిన పళ్లకే ముప్పు. దీన్ని తాత్కాలికంగా భావించడమే మంచిది.

రెండోది కోబాల్ట్, క్రోమియం లోహంతో పోత పోసిన చట్రం. సన్నగా ఉన్నా వంగదు. మిగిలిన పళ్ల మీద చిన్న గూళ్లు చేసి, చట్రం కాళ్లు వాటిలో ఆనేలా అమరుస్తారు కాబట్టి బరువులో కొంత భాగం పళ్లకు చేరుతుంది, పలక చిగుళ్లలోకి దిగబడదు. దీని లోపమల్లా నవ్వినప్పుడు కొక్కెం మెరవడం.

ఆ మెరుపు వద్దనుకున్నవారికి బోర్డుల మీద ఎక్కువగా కనిపించే పేరు ఫ్లెక్సిబుల్ సెట్టు. నైలాన్ జాతికి చెందిన పదార్థంతో చేసిన ఈ సెట్టు కొక్కేలు చిగురు రంగులోనే ఉంటాయి, కింద పడితే తేలిగ్గా విరగవు, పెట్టుకున్న మొదటి రోజు హాయిగా అనిపిస్తుంది. ఆ హాయికి కారణమైన మెత్తదనమే తరువాత ఇబ్బంది తెస్తుంది. వంగే పీఠం బరువును పళ్లకు చేర్చలేదు. నమిలిన చోట చిగురులోకి దిగుతుంది. పైగా దీని లోపలి వైపు కొత్త పొర వేసి సరిచేయడం కష్టం, రంగు పట్టడం ఎక్కువ. ఒకటి రెండు ముందు పళ్లకు, తక్కువ కాలానికి, లేదా అక్రిలిక్ పడనివారికి ఇది సరిపోతుంది. వెనక దవడ పళ్లన్నీ పోయినచోట దీన్ని శాశ్వత పరిష్కారంగా చెప్పడం సబబు కాదు.

వెనక వైపు చివర పన్ను లేని ఖాళీ అన్ని పాక్షిక సెట్లకూ కష్టమైన చోటు. సెట్టు ముందు భాగం గట్టి పంటి మీద, వెనక భాగం మెత్తని చిగురు మీద ఆనడంతో నమిలినప్పుడల్లా అది ఊగుతుంది. ఆ ఊగుడు కొక్కెం తగిలించిన పంటిని లాగుతుంది. ఇలాంటి సెట్టును ఏడాదికోసారి చూపించుకుని లోపలి పొర సరిచేయించుకోకపోతే, పోయిన పళ్ల కోసం పెట్టించుకున్నది ఉన్న పన్నును వదులు చేస్తుంది.

బ్రిడ్జి

ఖాళీకి రెండు వైపులా ఉన్న పళ్లను అరగదీసి, వాటి మీద తొడుగులు వేసి, మధ్యలో పోయిన పంటిని కలిపి అతికించేదే బ్రిడ్జి. వారం పది రోజుల్లో పని పూర్తవుతుంది, తీసి పెట్టుకునే అవసరం ఉండదు. ఇద్దరు మోసే బరువుకు మూడో మనిషి బరువు కలుస్తుంది కాబట్టి ఆ రెండు పళ్ల వేళ్లు బలంగా ఉండాలి. ఆసరా పళ్ల వేళ్ల మొత్తం వైశాల్యం పోయిన పళ్ల వేళ్ల వైశాల్యానికి తగ్గకూడదని దంతవైద్యంలో దాదాపు నూరేళ్లుగా చెబుతున్న సూత్రం. ఒక పన్నుకు బ్రిడ్జి సహేతుకం. మూడు నాలుగు పళ్ల ఖాళీకి రెండే పళ్లను ఆసరా చేయడం ప్రమాదం.

అసలు ఖరీదు అరగదీసే పింగాణిపొరలో, అంటే పంటి పైనుండే గట్టి పొరలో (ఎనామిల్) ఉంది. పక్క పళ్లకు ఇప్పటికే పెద్ద సిమెంటు నింపుళ్లో, తొడుగులో ఉంటే బ్రిడ్జి వల్ల పోయేది పెద్దగా లేదు. అవి చెక్కుచెదరని పళ్లయితే, ఒక పన్ను కోసం రెండు మంచి పళ్లను తగ్గించుకోవడం అవుతుంది. ఆ తరువాత అంచు కింద పిప్పి చేరితే పోయేది మూడూ కలిపి. దాన్ని ఆపడానికి బ్రిడ్జి కింద దారంతోనో సన్నని బ్రష్‌తోనో రోజూ శుభ్రం చేయాల్సి ఉంటుంది. ఈ సంగతి అతికించిన రోజు చాలామందికి ఎవరూ చెప్పరు.

ఇంప్లాంట్: ఎముకతో కుదిరే ఒప్పందం

స్వీడన్‌కు చెందిన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి అమర్చిన టైటానియం పరికరాలను తిరిగి తీయబోతే అవి ఎముకతో ఏకమై రాలేదు. ఆ పరిశీలనను పట్టుకుని 1965లో తొలిసారిగా ఒక మనిషి దవడలో టైటానియం స్క్రూలు అమర్చారు. మామూలు లోహం చుట్టూ శరీరం మెత్తని గోడ కడుతుంది. టైటానియం పైన ఏర్పడే ఆక్సైడ్ పొరను మాత్రం ఎముక పరాయిదిగా చూడక నేరుగా పెరిగి అంటుకుంటుంది. అలా అంటుకోవడానికి కింది దవడలో సాధారణంగా మూడు నెలలు, పై దవడలో ఎముక గుల్లగా ఉంటుంది కనుక నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

ఇంప్లాంట్ వల్ల రెండు లాభాలు ఒకేసారి దక్కుతాయి. పక్క పళ్లను ముట్టుకోనక్కరలేదు, నమిలే బరువు ఎముకకు చేరి అక్కడి కరుగుదల నెమ్మదిస్తుంది. నారపొర లేకపోవడం దాని లోటు: తాకిడిని పీల్చుకోదు, ఎంత గట్టిగా కొరుకుతున్నామో సహజ పన్నులా తెలియజేయదు. పిప్పి పట్టదు గానీ చుట్టూ గార చేరితే చిగురు వాచి, ఎముక దిగిపోయి, గట్టిగా ఉన్న ఇంప్లాంటే చివరికి ఊడవచ్చు. ఈ వాపు మొదట్లో నొప్పి లేకుండా సాగడం వల్ల ఆలస్యంగా బయటపడుతుంది. పొగతాగడం, గుట్కా, అదుపులో లేని మధుమేహం ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. ఎముకలు గుల్లబారకుండా వాడే కొన్ని మందులు, దవడకు తీసుకున్న రేడియేషన్ చికిత్స గురించి కూడా ముందే చెప్పి తీరాలి. దాచితే దవడ ఎముకే మానని పుండుగా మారే ముప్పు ఉంది.

ఇంప్లాంట్ అనగానే ప్రతి పంటికీ ఒకటి అన్న అభిప్రాయం వల్ల చాలా కుటుంబాలు ఖర్చు చూసి వెనుదిరుగుతాయి. కింది దవడలో కోరపళ్ల స్థానాల్లో రెండే ఇంప్లాంట్లు నాటి, సెట్టు లోపల బిగించిన చిన్న గుండీలు వాటి మీద టక్కున కూర్చునేలా చేస్తే, ఊగే కింది సెట్టు నిలబడుతుంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు పళ్లన్నీ పోయిన కింది దవడకు దీన్నే మొదటి ఎంపికగా చూడాలని ప్రకటించారు. సెట్టు రాత్రి తీసి కడుక్కోవచ్చు. గుండీల్లోని నైలాన్ ముక్కలు అరిగినప్పుడు మార్పించుకోవాలి. పెట్టే ఖర్చుకు దక్కే ఉపయోగాన్ని లెక్కిస్తే పూర్తి బోసినోటి విషయంలో దీనికి సాటి వచ్చేది లేదు. అయినా బోర్డుల మీద కనిపించేది అరుదు, అడిగితే తప్ప చాలా చోట్ల ప్రస్తావనకే రాదు.

నాలుగు ఇంప్లాంట్ల పద్ధతిలో ముందు రెండింటిని నిటారుగా, వెనక రెండింటిని ఏటవాలుగా నాటి, మొత్తం దవడ పళ్లను వాటికి స్క్రూలతో బిగిస్తారు. ఏటవాలుగా నాటడం వల్ల కింది దవడలో నరాన్నీ, పై దవడలో ముక్కు పక్కనుండే గాలిగదినీ తప్పించుకుని, ఎముక అతుకు (తగ్గిన చోట ఎముకను పూడ్చే పని) వేయకుండానే పని సాగుతుంది. ఇవి రోగి తీయలేనివి. శుభ్రం చేయడానికి ఓపిక, చేతి పట్టు ఉండాలి. చేతులు వణికే పెద్దవారికి తీసి కడుక్కునే సెట్టే మేలు కావచ్చు.

‘మూడు రోజుల్లో పళ్లు’ అన్న ప్రకటనల్లో ఎక్కువ భాగం దవడ లోతుల్లోని గట్టి ఎముకను పట్టుకునే ఒకే ముక్క ఇంప్లాంట్ల గురించి. ఎముక అతుక్కునే దాకా ఆగకుండా, గట్టి ఎముకలో దొరికే యాంత్రికమైన పట్టుతోనే వెంటనే పళ్లు బిగించడం వాటి సూత్రం. ఎముక బాగా తగ్గిపోయిన కొందరికి అవి ఉపయోగపడవచ్చు. అయితే సంప్రదాయ ఇంప్లాంట్లకు ఉన్నంత విస్తృతమైన, దీర్ఘకాలిక, స్వతంత్ర ఆధారాలు వాటికి లేవు. వేగం ఆకర్షణీయమే గానీ, ఇంప్లాంట్ విషయంలో మూడు నెలల నిరీక్షణ ఆలస్యం కాదు, చికిత్సలో భాగం.

పీకించే ముందు

‘అన్నీ పీకించేసి సెట్టు పెట్టించుకుంటే గొడవ వదిలిపోతుంది’ అన్న నిర్ణయం తిరిగి మార్చుకోలేనిది. గట్టిగా ఉన్న రెండు కోరపళ్లు మిగిలినా, వాటికి వేరు చికిత్స (రూట్ కెనాల్) చేసి, చిగురు దాకా కురచ చేసి, పైన సెట్టు కూర్చోబెట్టవచ్చు. వేరు ఉన్నంత కాలం దాని నారపొర ఉంటుంది, చుట్టూ ఎముక కరుగుదల బాగా తగ్గుతుంది, కొరికే స్పర్శ కూడా కొంత మిగులుతుంది. ఇంప్లాంట్ ఖర్చు భరించలేని కుటుంబాలకు ఈ దారి గురించి తెలియకపోవడం బాధాకరం, ఎందుకంటే తెలిసేసరికి ఆ కోరలు ఉండవు.

పోయిన ప్రతి పన్నుకూ ప్రత్యామ్నాయం పెట్టించి తీరాలన్న నియమం కూడా లేదు. వెనక చివరి దవడ పళ్లు పోయినా, ముందు పళ్లు, వాటి వెనక ఉన్న చిన్న దవడ పళ్లు పైనా కిందా సరిగా కలుస్తుంటే చాలామంది ఇబ్బంది లేకుండా తినగలరు. జపాన్ 1989లో 80 ఏళ్ల వయసుకు 20 సొంత పళ్లు మిగిలి ఉండాలన్న లక్ష్యంతో ప్రచారం మొదలుపెట్టింది. 32 కాకుండా 20 అన్న సంఖ్యను పెట్టుకోవడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

పళ్లు పీకిన రోజే పెట్టే సెట్టు మరో వెసులుబాటు. ఒక్క రోజు కూడా బోసినోటితో బయటికి వెళ్లనక్కరలేదు, గాయం మీద కప్పులా ఉంటుంది. కాని తొలి నెలల్లో ఎముక వేగంగా తగ్గుతుంది కనుక అది త్వరలోనే వదులవుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు లోపలి పొర వేయించి, ఆ తరువాత సెట్టును మార్చుకోవాల్సి ఉంటుందని ముందే తెలిస్తే, వదులైన రోజున మోసపోయామన్న భావన రాదు.

మాట, తిండి

తెలుగు వ్యాకరణం త, థ, ద, ధ, న, ల, స అక్షరాలను దంత్యాలంటుంది (పళ్ల ఆసరాతో పలికేవి), ‘వ’ను దంత్యోష్ఠ్యం అంటుంది (పన్నూ పెదవీ కలిసి పలికేది). ‘చాప’, ‘జామ’ వంటి మాటల్లోని చ, జ కూడా దంత్యాలే. ఆ అక్షరాలే సెట్టుకు పరీక్ష పెడతాయి. మైనపు పరీక్ష రోజున ‘వంద’, ‘సంవత్సరం’, ‘చాప’ వంటి మాటలు పలికి చూస్తే, పై ముందు పళ్లు కింది పెదవికి సరిగా తగులుతున్నాయో లేదో, ‘స’ దగ్గర ఈల వస్తోందో లేదో అప్పుడే తేలిపోతుంది. మాట్లాడుతుంటే పళ్లు టకటకమని కొట్టుకుంటే దవడల మధ్య ఎత్తు ఎక్కువైందని అర్థం. ఇంటికి వెళ్లాక పత్రిక బిగ్గరగా చదవడం నాలుకకు మంచి సాధన.

కొత్తలో నోరూరడం, సెట్టు పెద్దదిగా అనిపించడం, ఒకటి రెండు చోట్ల ఒరుసుకుని పుండు పడటం సహజం. ఒరుసుకున్న చోటును వైద్యుడే అరగదీయాలి. ఇంట్లో ఆకురాయితో గీకితే అంచు మూసుకునే గుణం పోతుంది. తిండి విషయంలో కండరాలు కొత్త పద్ధతి నేర్చుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. మొదటి రోజుల్లో మెత్తని పప్పన్నం, ఇడ్లీ, చాయ్‌లో నానిన ఉస్మానియా బిస్కెట్ సరిపోతాయి. చిన్న ముక్కలు చేసుకుని రెండు వైపులా ఒకేసారి నమిలితే సెట్టు తిరగబడదు. జామకాయ, మొక్కజొన్న కంకి ముందు పళ్లతో కొరికితే వెనక భాగం లేచిపోతుంది. కోసుకుని, వలుచుకుని వెనక పళ్లతో నమలడమే మార్గం. సకినాలు, చెరకు ముక్కలు పూర్తి సెట్టుతో మునుపటిలా తినగలమన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

నోరు ఎండిపోయేవారికి సెట్టు నిలవడం కష్టం. రక్తపోటు, అలర్జీ, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు లాలాజలాన్ని తగ్గిస్తాయి. సెట్టు జారుతోందని చెప్పేటప్పుడు వాడుతున్న మందుల చీటీ కూడా చూపించాలి. గుట్కా, వక్క వల్ల నోరు బిగుసుకుపోయినవారికి కొలత ట్రేనే లోపలికి వెళ్లదు. అలాంటివారికి ముందు ఆ జబ్బుకు చికిత్స జరగాలి.

రోజువారీ జాగ్రత్త

రాత్రి సెట్టు తీసి, మెత్తని బ్రష్‌తో సబ్బునీటితో కడిగి, మామూలు నీటిలో ఉంచాలి. వేడినీళ్లు పోస్తే అక్రిలిక్ వంకర పోతుంది, టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది. తీయకుండా పడుకునే అలవాటు ఉంటే సెట్టు కింద చిగురు ఎర్రబడి ఫంగస్ చేరుతుంది. ఏ పుండైనా రెండు వారాలు దాటి మానకపోతే సెట్టు వల్లేనని సరిపెట్టుకోకుండా చూపించుకోవాలి. పూర్తి సెట్టు సాధారణ ఆయుష్షు ఐదు నుంచి ఎనిమిదేళ్లు. పళ్లు అరగకపోయినా కింద దవడ మారిపోయి ఉంటుంది.

నగరంలో ఖర్చు, ఎక్కడికి వెళ్లాలి

ఒకే పేరుతో ఉన్న పనికి రెండు చోట్ల రేటు తేడా రావడానికి కారణాలు కొన్ని నిర్దిష్టమైనవి: ఎన్ని రాకపోకలు, ప్రయోగశాలకు చెల్లించేది, పళ్ల రకం, ఇంప్లాంట్ తయారీ సంస్థ, స్కానింగ్, ఎముక అతుకు, పైన బిగించే పళ్లు. ఇంప్లాంట్ ప్రకటనలో చెప్పే రేటు తరచు స్క్రూకు మాత్రమే; దాని పైన వచ్చే భాగం, తొడుగు వేరు. కాబట్టి అంచనాను భాగాలుగా కాగితం మీద రాసివ్వమని అడగడం, ఏ కంపెనీ ఇంప్లాంటో, దాని కొలతలేమిటో తెలిపే కార్డు తీసుకోవడం అవసరం. పదేళ్ల తరువాత పై భాగం వదులైతే, ఆ కార్డు లేకుండా సరిపోయే విడిభాగం వెతకడం మరో వైద్యుడికి చాలా కష్టం. సాధారణ ఆరోగ్య బీమా పాలసీలు ప్రమాదంలో దెబ్బ తగిలిన సందర్భాలు మినహా దంత చికిత్సను ఎక్కువగా కవర్ చేయవు. పాలసీలో ఆ షరతు చదివి చూసుకోవాలి.

ఖర్చు భరించలేనివారికి అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఒక దారి. నగరం చుట్టుపక్కల ఉన్న ప్రైవేటు దంత కళాశాలల్లో కూడా బయటి కంటే తక్కువ రుసుముకు పని జరుగుతుంది. విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కనుక ఎక్కువసార్లు తిరగాలి, వరసలో ఆగాలి. అయితే ప్రత్యేక ట్రే, రెండో కొలత, మైనపు పరీక్ష వంటి దశలేవీ వదలకపోవడం అక్కడ పాఠంలో భాగమే కాబట్టి, పూర్తి సెట్టు విషయంలో ఆ తిరుగుడు వృథా కాదు.

దంతవైద్యం చేయడానికి బీడీఎస్ పట్టా, రాష్ట్ర దంత వైద్య మండలిలో నమోదు తప్పనిసరి. కట్టుడు పళ్లలో ప్రత్యేక శిక్షణ అంటే ఆ తరువాత ప్రోస్థోడాంటిక్స్‌లో మూడేళ్ల ఎండీఎస్. కష్టమైన కింది దవడ ఉన్నవారు, ముందు చేయించిన రెండు సెట్లు కుదరనివారు ఆ నిపుణుల దగ్గరకు వెళ్లడం మంచిది. దీనికి పూర్తిగా వ్యతిరేక కొసన ఫుట్‌పాత్ మీద గంటలో ‘ఫిక్స్‌డ్ పన్ను’ పెట్టేవారు ఉంటారు. వారు చేసేది పక్క పళ్లకు తీగ చుట్టి, నోట్లోనే అక్రిలిక్ పిండిని గట్టిపరచడం. అది తీయడానికి రాదు, కింద శుభ్రం చేయడానికి వీలుండదు. గట్టిపడేటప్పుడు పుట్టే వేడి, రసాయనం చిగురును కాలుస్తాయి. కొన్నాళ్లకు చిగురు దాని చుట్టూ వాచి పెరుగుతుంది, తీగ పట్టుకున్న రెండు పళ్లూ వదులవుతాయి. ఇప్పటికే అలాంటిది పెట్టించుకున్నవారు నొప్పి లేదని ఊరుకోకుండా దాన్ని తీయించుకుంటే, ఆ రెండు పళ్లనైనా నిలుపుకునే అవకాశం ఉంటుంది.